మాల తీసిన మర్నాడు

ఏడేళ్ళు వరసగా అయ్యప్ప మాల వేసుకున్నాను. ఆ ఏడేళ్ళూ ఏడాదికి నలభై ఒక్క రోజుల పాటు చుక్క ముట్టలేదు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, నల్ల బట్టలు, చాప మీద పడక. మాల వేసుకున్న మొదటి వారం చేతులు వణికేవి. కార్తీకం చలి అని చెప్పేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు నమ్మారు. నేనూ నమ్మాను. శబరిమల నుంచి తిరిగొచ్చి గురుస్వామి చేత మాల తీయించుకున్న మర్నాడు, సాయంత్రానికల్లా మా వీధి చివర వైన్స్ ముందు ఉండేవాణ్ణి.

భక్తి చాలకనే ఇలా చేశానని మీరు అనుకోవచ్చు. ఆ నలభై ఒక్క రోజుల్లో నా భక్తికి లోటు లేదు, ఇప్పటికీ లేదు. "స్వామి కోసం మానారు గదా, పిల్లల కోసం మానలేరా?" అని మా ఆవిడ ఏటా అడిగేది. జవాబు తెలియక ఆమె మీద అరిచేవాణ్ణి. తెలియకపోవడం మాత్రం నిజం. ఇన్ని రోజులు మానినవాణ్ణి ఇంకొక్క రోజు ఎందుకు మానలేకపోతున్నానో నాకు నిజంగానే అర్థమయ్యేది కాదు.

జవాబు చాలా ఏళ్ళకు సికింద్రాబాద్‌లో ఒక చిన్నపిల్లల బడి గదిలో దొరికింది. ఈ వారం ఆ గది సంగతి రాస్తాను.

మాది నెల్లూరు జిల్లా. 1992 నాటికి నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్ళు. దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారన్న కబురు ఊరూరా పాకుతున్న రోజులవి. మా ఊళ్ళో సారా ప్యాకెట్లు లాక్కొని కాలవలో పారబోసిన ఆడవాళ్ళలో మా అమ్మ ఉంది. అప్పటికి ఆమెకు సంతకం పెట్టడం వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆ ఆడవాళ్ళ దెబ్బకు మా జిల్లాలో సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. నా జీవితకాలంలో తెలుగునేల మీద సామాన్యులు సాధించిన అతి పెద్ద విజయం ఆ ఆడవాళ్ళదేనని నేను ఈనాటికీ అంటాను.

ఆ పోరాటం జరుగుతున్నంత కాలమూ నేను తాగుతూనే ఉన్నాను. అమ్మ పోరాడేది సారా మీద, నేను తాగేది ఇంగ్లీషు మందు అనుకున్నాను. సారా కూలివాళ్ళది, బ్రాందీ ఉద్యోగస్తులది. అంత తేలిగ్గా గీత గీసుకున్నాను. సంపూర్ణ నిషేధం వచ్చాక సరిహద్దు దాటి వచ్చే సీసా ఎవరి దగ్గర దొరుకుతుందో ఆఫీసులో అందరికంటే ముందు నాకు తెలిసేది. ఆ చట్టాన్ని నేను తప్పుపట్టను. దాని వల్ల తిండి దొరికిన ఇళ్ళు నాకు తెలుసు. కానీ సీసా కోసం రాత్రి పదకొండింటికి స్కూటరేసుకుని బయల్దేరే మనిషికి అదొక్కటే చాలదు.

2019లో కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ వైద్యులు చేసిన సర్వే నివేదిక వచ్చింది. మద్యం వల్ల ఇబ్బందుల్లో పడి సాయం అవసరమైనవాళ్ళు దేశంలో 5.7 కోట్ల మంది అని అందులో లెక్క తేలింది. అది లేకుండా ఉండలేని స్థితికి వచ్చినవాళ్ళలో ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యమో సాయమో అందిందట. మిగిలిన ముప్పై ఏడుగురూ ఇళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళకు అందేదేమిటో నాకు బాగా తెలుసు. పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్లు. పెద్దమనుషుల ముందు పంచాయితీ. పెళ్ళి కాకపోతే, చేస్తే దారికొస్తాడన్న సలహా. చివరికి పొడి.

ఆ పొడి గురించి కాస్త ఆగి చెప్పాలి. తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పిస్తామన్న రాతలు గోడల మీద, బస్సుల వెనక మీరూ చూసే ఉంటారు. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి అలాంటి పొడి తెప్పించి సాంబార్లో కలిపింది. ఆ రాత్రి తాగగానే నా మొహం కందగడ్డలా ఎర్రబడింది. వాంతులు. గుండె చెవుల్లో కొట్టుకుంది. నేను చచ్చిపోతున్నానని, తానే చంపేసిందని ఆమె తెల్లవార్లూ నా కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏం కలిపిందో నాతో చెప్పడానికి ఆమెకు నాలుగేళ్ళు పట్టింది. మందు పడకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది. డాక్టర్లు దాన్ని రోగికి అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తారు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ప్రాణాల మీదికి రావచ్చు గనకే ఆ జాగ్రత్త. గోడ మీద రాతల వాళ్ళు అమ్మే పొడిలో ఏముంటుందో ఎవరు చెప్పగలరు? ఇది చదువుతున్న అక్కచెల్లెళ్ళకు చేతులెత్తి చెబుతున్నాను. దాన్ని కలపకండి.

రెండోది మగవాళ్ళకు. రోజూ తాగేవాళ్ళు పంతం పట్టి ఇంట్లో తలుపేసుకుని ఒక్కసారిగా ఆపేయకండి. ఏడో మాల తీసిన ఏడాది వేసవిలో నేను చేసిన పని అదే. అప్పటికి జబ్బు ముదిరింది. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకోవాలంటే ముందు ఒక తొంభై పడాలి. మానేసిన పూటే వణుకు మొదలైంది. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు గోడ మీద లేని పురుగుల్ని దులుపుతూ ఉన్నానట. నాకు గుర్తు లేదు. అక్క బావను లేపి ఆటోలో వేసుకుని ప్రభుత్వ ఆస్పత్రికి తెచ్చింది. ఈ దశలో మనుషులు చనిపోతారని, సూదులు, బి1 విటమిన్ ఇస్తూ కొన్ని రోజులు కనిపెట్టి చూసుకోవలసిన స్థితి అని డాక్టరు చెబితేగానీ మాకు తెలియలేదు. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాళ్ళకు కేంద్ర ప్రభుత్వం వారి వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉంది. డబ్బు కట్టక్కరలేదు.

ఆ వార్డులో ఐదో రోజు ఒకాయన వచ్చి నా మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఖాకీ చొక్కా. ఆటో నడుపుతాడట. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎవరో నీతులు చెప్పడానికి వచ్చారనుకున్నాను.

"సార్, నేను మీ కోసం రాలే. నా కోసం వచ్చిన. మీరు ఇనకపోయినా పర్వాలే" అన్నాడు.

తన కథ చెప్పుకుపోయాడు. గుడుంబా ఎక్కడ తాగాడు, కూతురి ఫీజు డబ్బులు ఎలా తీశాడు, ఏ కల్లు కాంపౌండ్ ముందు పడిపోయాడు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నువ్వు మానెయ్యాలి అన్న ముక్క నోట రాలేదు. కూతురి ఫీజు దగ్గర నాకు తెలియకుండానే ఇటు తిరిగాను. నా కొడుకు సైకిలు కోసం దాచిన డబ్బు సంగతి భూమ్మీద ఇంకో మనిషికి తెలిసినట్టు అనిపించింది. లేచేముందు, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు జరిగే రెండు చోట్ల పేర్లు చీటీ మీద రాసిచ్చాడు. ఒకటి మా ఇంటికి దగ్గర, ఇంగ్లీషు మీటింగు. రెండోది దూరం, తెలుగు మీటింగు. "మీకు తెలుగుదే మంచిగుంటది" అన్నాడు.

సూపరింటెండెంటు స్థాయి ఉద్యోగిని కదా, ఇంగ్లీషు మీటింగుకే వెళ్ళాను. ఒక చర్చి ప్రాంగణం. ముందు దొరికిన గదిలో దూరి వెనక వరసలో కూర్చున్నాను. పదిహేను నిమిషాలు పాటలు విన్నాక అది ఆదివారం ఆరాధనకు పాటలు సాధన చేసేవాళ్ళ గది అని తెలిసింది. హార్మోనియం దగ్గరున్న పెద్దామె పాట ఆపకుండానే చేత్తో వెనక గదులవైపు చూపించింది. ఆ ప్రాంగణంలో ఊడ్చే మనిషి దగ్గర్నుంచి అందరికీ వెనక గది సంగతి తెలుసనీ, ఎవరూ దాని గురించి మాట్లాడరనీ తర్వాత అర్థమైంది. వాళ్ళందరి మౌనానికి నేను రుణపడి ఉన్నాను.

ఇంగ్లీషు మీటింగులో "అయామ్ ఎన్ ఆల్కహాలిక్" అనడం రెండో వారానికే నోటికి వచ్చేసింది. సెలవు చీటీ మీద జబ్బు పేరు రాసినట్టు ఉండేది. మూడు నెలలు వెళ్ళాను, మధ్యలో రెండుసార్లు తాగాను. అప్పుడు ఆటో ఆయన చెప్పిన తెలుగు మీటింగుకు వెళ్ళాను. అదే ఇందాక చెప్పిన బడి గది. రెండో తరగతి పిల్లల బెంచీలు, మోకాళ్ళు గడ్డానికి తగులుతూ కూర్చున్న పన్నెండు మంది పెద్దవాళ్ళు, గోడ మీద ఎక్కాల చార్టు. నా వంతు వచ్చింది. నా పేరు చెప్పాను. తర్వాతి మాట రాలేదు.

తెలుగులో ఆ మాట తిట్టు. తాగుబోతు వెధవ అని వీధి పంపు దగ్గర అరిచే మాట. మా నాన్నను అమ్మ అన్న మాట. మా ఆవిడ నోటిదాకా వచ్చి మింగేసిన మాట. ఆ గదిలో కూడా చాలామంది "నేను ఆల్కహాలిక్‌ని" అనే అంటారు, అందులో తప్పేం లేదు. కానీ బెంచీ చివర ఒక ముసలాయన ఉండేవాడు. ప్రతి వారం లేచి, తాపీగా, "నేను తాగుబోతుని" అనేవాడు. మిగతావాళ్ళు నమస్కారం చెప్పేవాళ్ళు. తిట్టుగా తప్ప నేనెన్నడూ వినని మాటకు అక్కడ నమస్కారం ఎదురొచ్చేది. ఆరో వారం నేనూ ఆ మాట అన్నాను. చెమట పట్టేసింది. అన్నాక కాళ్ళల్లో బరువు దిగింది. నా వరకు మానడం ఆ రోజు మొదలైందని అనుకుంటాను. అంతకు ముందు ఎన్నిసార్లు మానినా అది మొదలు కాదు.

ఏం జరుగుతుందక్కడ అని చాలామంది అడుగుతారు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కాసేపు మౌనం. ఒకరు పరిచయ వాక్యాలు చదువుతారు. ఆ రోజు మీటింగు నడిపేవాళ్ళు ఒక విషయం ఎత్తుకుంటారు. తర్వాత ఒక్కొక్కరు షేర్ చేస్తారు, అంటే తమ సంగతి చెప్పుకుంటారు. చెప్పాలని లేకపోతే చెప్పక్కరలేదు. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో ఇంకొకరు మాట్లాడరు. అయ్యాక కూడా, నువ్విలా చేసి ఉండాల్సింది అనరు. ఈ చివరి నియమం నాకు అన్నిటికంటే కష్టమైంది. మన ఇళ్ళల్లో జలుబు చేసిందంటే పది చిట్కాలు వస్తాయి. బాధ చెప్పుకున్న మనిషికి సలహా ఇవ్వకపోతే ప్రేమ లేనట్టే లెక్క. అలా పెరిగినవాణ్ణి, ఎదుటి మనిషి ఏడుస్తుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే వినడం నేర్చుకోవడానికి ఏడాది పైనే పట్టింది. ఆలోచిస్తే, నాకు ఇరవై ఏళ్ళు అందిన సలహాలన్నీ సరైనవే. ఒక్కటీ తప్పు కాదు. ఒక్కటీ పని చేయలేదు.

దేవుడి ప్రస్తావన ఉంటుంది. అక్కడ పాటించే పన్నెండు మెట్లలో మనకంటే పెద్దదైన శక్తి మాట వస్తుంది, ఎవరికి తోచిన రూపంలో వాళ్ళు తలుచుకోవచ్చు. నా స్వామి నాకున్నాడు. పక్కన కూర్చునే నాస్తికుడు ఈ గదే తన పెద్ద శక్తి అంటాడు. దాని మీద అక్కడ తగాదా నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో విషయం మాత్రం నేను అనుకోనిది. ఇక్కడ అందరూ పొడి పేరుతోనే పలుకుతారు. అమెరికాలో ఈ పద్ధతి పెట్టినప్పుడు వాళ్ళకు కావలసింది పరువు కాపాడే గోప్యత. మన దగ్గరకు వచ్చేసరికి ఇంటిపేరు పోయింది. తెలుగువాళ్ళకు ఇంటిపేరు పోతే ఏం పోతుందో మీకు తెలుసు. ఆ గదిలో ఇన్నేళ్ళలో ఎవరి కులమేమిటో నాకు తెలియదు. నాకు స్పాన్సరుగా ఉన్న మనిషి, అంటే రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేసినా ఎత్తే మనిషి, చేసే ఉద్యోగమేమిటో మూడేళ్ళ తర్వాత తెలిసింది. మా ఆఫీసులో అయితే ఆయన నా గది తలుపు దగ్గర నిలబడి ఉండాలి. ఈ కాలమ్ కింద అసలు పేరు ఎందుకు ఉండదని ఉత్తరాలు రాసే పాఠకులకు కూడా ఇదే నా జవాబు. 1950లో ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసం ఆమోదించిన పన్నెండు సంప్రదాయాల్లో, పత్రికల్లో సభ్యులు తమ పేరు బయటపెట్టుకోకూడదన్నది ఒకటి. ఆ గదిని వాడుకుని ఎవరూ పెద్దవాళ్ళు కాకూడదని. బయటి నుంచి విరాళాలు కూడా తీసుకోరు. మీటింగు చివర ఒక సంచి తిరుగుతుంది, పదో ఇరవయ్యో వేస్తారు, లేనివాళ్ళు దాన్ని పక్కకు అందిస్తారు. గది అద్దె, టీ ఖర్చు అందులోంచే.

ఈ పద్ధతి పుట్టిన తీరు తెలిశాక, నా కోసం వచ్చిన అన్న ఆటో ఆయన మాట నాకు పూర్తిగా అర్థమైంది. 1935 మే నెల. న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్ విల్సన్ ఒక కంపెనీ వ్యవహారం మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ ఊరికి వెళ్ళాడు. పని చెడింది. మానేసి ఐదు నెలలు. హోటల్లో ఒక్కడు. ఒక పక్క బార్ నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి, ఇంకో పక్క టెలిఫోను ఉంది. తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడకపోతే తాను తాగేస్తానని అతనికి తెలిసిపోయింది. చర్చిల వాళ్ళకు ఫోన్లు చేసి, వాళ్ళ ద్వారా బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరకు చేరాడు. పావుగంట కంటే కూర్చోనని చెప్పి వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. ఆయన ఆఖరిసారి తాగింది ఆ జూన్ 10న. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా ఆ తేదీనే లెక్కపెడతారు. మన దేశానికి అది 1957లో వచ్చింది. ఆక్రన్ వెళ్ళకముందు న్యూయార్క్‌లో విల్సన్ నెలల తరబడి తాగుబోతుల వెంట తిరిగాడు. ఒక్కరూ మానలేదు. నువ్వు మాత్రం తాగకుండా ఉన్నావు గదా అని గుర్తుచేసింది ఆయన భార్య లోయిస్. తాగేవాళ్ళ కుటుంబాల కోసం 1951లో ఆల్-ఆనన్ అనే మరో సహవాసాన్ని నిలబెట్టినవాళ్ళలో ఆమె ముఖ్యురాలు. మా ఆవిడ ఆ మీటింగులకు ఎనిమిదేళ్ళుగా వెళుతోంది. అక్కడ ఏం చెప్పుకుంటుందో నేను అడగను.

ఈ గది అందరికీ సరిపడుతుందని నేను అనను. వచ్చి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. బెంచీ చివరి ముసలాయన తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ తాగాడు. తిరిగొచ్చి "నేను తాగుబోతుని, ఇవాళ్టికి నాలుగో రోజు" అన్నాడు, మేం నమస్కారం చెప్పాం. 2020లో కాక్రేన్ సంస్థ కోసం పరిశోధకులు 27 అధ్యయనాల్ని, అందులోని పదివేల మందికి పైగా మనుషుల ఫలితాల్ని కలిపి చూశారు. పూర్తిగా మాని ఉండే విషయంలో ఈ మీటింగులు, రోగుల్ని వీటి వైపు నడిపించే వైద్య పద్ధతులు, పేరున్న ఇతర చికిత్సల కంటే మెరుగ్గా ఉన్నాయని తేల్చారు. డాక్టరు అవసరం దీనితో తీరిపోదు. నేను ఇప్పటికీ డాక్టరుకు చూపించుకుంటాను.

నన్ను బాధించేది ఆడవాళ్ళ కొరత. మా మీటింగుకు ఇన్నేళ్ళలో నలుగురే వచ్చారు. ముగ్గురు నిలవలేదు. తాగే మగవాడికి ఇంట్లో అన్నం మూతపెట్టి ఉంచుతారు, తాగే ఆడదానికి తలుపు మూసేస్తారు. ఆమె ఏ ముఖంతో గేటు దాటి వస్తుంది? ఆడవాళ్ళే నడుపుకునే తెలుగు మీటింగులు కావాలి. రెండుచోట్ల మొదలుపెట్టాలని చూస్తున్నారు, నాకు చేతనైంది నేను చేస్తాను.

ఈ గది సంగతంతా ఒకసారి ఊరెళ్ళినప్పుడు అమ్మకు చెప్పాను. బెంచీలు, వరసగా మాట్లాడటం, ఎవరూ అడ్డం రాకపోవడం. ఆమె వింటూ బియ్యంలో రాళ్ళేరుతోంది.

"రాత్రి బడికాడ మేమూ అట్నే గదా నాయనా. పలకా బలపం పట్టుకోని కూసున్నాం. ఒకామె తన మొగుడి సంగతి జెప్పింది. మాదీ అంతే గదే అని ఇంకొకామె ఏడిసింది. ఆ తర్వాతే గదా కొట్టు మీదకి బొయ్యింది" అంది.

ముప్పై ఏళ్ళుగా ఆమె పోరాటం చట్టం కోసమని, వేలంపాటల మీదని అనుకుంటూ వచ్చాను. అది లాంతరు వెలుగులో పదిమంది ఆడవాళ్ళు ఒకరి మాట ఒకరు వినడంతో మొదలైందని ఆ రోజే తెలిసింది.

మాల సంగతి కూడా అప్పుడే పూర్తిగా తెగింది. నలభై ఒక్క రోజులు నేను ఎందుకు నిలబడ్డానంటే, ఆ రోజుల్లో నేను ఒక్కణ్ణి కాదు. తెల్లారకుండా తలుపు తట్టే స్వాములున్నారు. సాయంత్రం ఎవరో ఒకరింట్లో పడిపూజ. వీధిలో ఎదురైన ప్రతివాడూ, పెద్దా చిన్నా తేడా లేకుండా, స్వామీ అని పలకరిస్తాడు. అక్కడ కూడా ఇంటిపేరు లేదు. దారి తెలిసిన గురుస్వామి పక్కనే ఉన్నాడు. మాల తీసిన మర్నాడు తలుపు ఎవరూ తట్టలేదు. నేను మళ్ళీ నేనైపోయి, నా ఇంటిపేరుతో, నా ఆఫీసు బ్యాగుతో, వీధి చివరి దాకా ఒక్కణ్ణే నడిచాను. బడి గదిలో మాల తీయడమన్నది లేదు. లెక్క నలభై ఒకటి కాదు, ఒకటే. ఇవాళ.

ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు నేను వార్డుకు వెళ్తాను. పోయినసారి కిటికీ పక్క మంచం మీద ముప్పై ఏళ్ళ కుర్రాడున్నాడు. చేతికి సెలైన్, గోడ వైపు మొహం. వాళ్ళమ్మ కింద చాప మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. స్టూలు లాక్కున్నాను. "నీ కోసం రాలేదు బాబూ, నా కోసం వచ్చాను" అని చెప్పి మొదలుపెట్టాను. సైకిలు డబ్బు సంగతి చెప్పాను. పొడి సంగతి, మాలల సంగతి చెప్పాను. గంట సేపు కూర్చున్నాను. అతను ఇటు తిరగలేదు. వాళ్ళమ్మ నా చేతిలో రెండు బత్తాయి తొనలు పెట్టింది. మీటింగు చోటు రాసిన చీటీని నీళ్ళ సీసా కింద ఉంచి బస్సెక్కాను. మా వీధి చివర దిగాను. వైన్స్ ముందు ఆదివారం రద్దీ. దాన్ని దాటి ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. ఆ రోజు నేను తాగలేదు.